డికే: పడిపోవడంలోంచి పుట్టిన మాట

ఇంగ్లిష్-తెలుగు నిఘంటువులో ‘డికే’ అనే మాట వెతికితే అర్థాలు వరుసగా కనిపిస్తాయి: కుళ్ళడం, పుచ్చడం, క్షయం, క్షీణత, శిథిలం కావడం. దేన్నీ తప్పనలేం. ఏది ఎక్కడ నప్పుతుందో మాత్రం ఆ వరుస చెప్పదు. పన్ను డికే అవుతుంది, యురేనియం డికే అవుతుంది, గంట మోత డికే అవుతుంది, ఉపగ్రహం తిరిగే కక్ష్య డికే అవుతుంది, రాజ్యమూ డికే అవుతుంది. మొదటి అర్థాన్నే పట్టుకుని యురేనియం కుళ్ళిపోతుందని రాస్తే విజ్ఞాన శాస్త్రమే తలకిందులవుతుంది. ఇన్ని చోట్ల ఒకే మాట ఎలా ఇమిడిందో తెలియాలంటే అది పుట్టిన చోటికి వెళ్ళాలి.

ఈ మాట లాటిన్ నుంచి వచ్చింది. ‘దే’ అంటే కిందికి, ‘కదెరె’ అంటే పడటం. రెండూ కలిసి పాత ఫ్రెంచి ఉత్తరాది మాండలికంలో ‘దెకాయిర్’గా మారి, అక్కడి నుంచి 15వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లో చేరాయి. ఇప్పటి ఫ్రెంచిలో దాని రూపం ‘దేష్వార్’, అంటే ఉన్న స్థాయి నుంచి దిగజారడం. అక్షరాలా చూస్తే డికే అంటే కిందపడటమే. వాసన, పురుగు, బూజు అనే ఊహలేవీ మూలంలో లేవు.

దీనికి అవయవానికి అవయవం సరిపోయే మాట తెలుగు వాళ్ళ నోట్లో ఎప్పటి నుంచో ఉంది: అధఃపతనం. అధః అంటే కిందికి, పతనం అంటే పడటం. సంస్కృతంలోని ‘పత్’, లాటిన్‌లోని ‘కదెరె’ వేర్వేరు ధాతువులు. అయినా కూర్పు మాత్రం ఒక్కటే. అయితే మనం అధఃపతనాన్ని నీతికీ రాజ్యాలకూ పరిమితం చేసుకున్నాం, ఇంగ్లిష్ వాళ్ళు తమ మాటను పన్ను దాకా, పరమాణువు దాకా సాగదీశారు. చిక్కంతా ఆ తేడాలోనే ఉంది.

కదెరె కుటుంబం

ఈ ధాతువు ఇంగ్లిష్‌లో ఎంత విస్తరించిందో గమనిస్తే డికే స్వభావం ఇంకా స్పష్టమవుతుంది. మీద పడేది యాక్సిడెంట్. రెండు సంగతులు కలిసి ఒకేసారి పడితే కోఇన్సిడెన్స్. పాచిక ఎలా పడుతుందన్నది ఛాన్స్. పాట చివర స్వరం దిగడం కేడెన్స్. నీళ్ళు మెట్లు మెట్లుగా పడితే క్యాస్కేడ్. ఆకులు రాల్చే చెట్లు డెసిడ్యువస్. పడిపోయిన దేహం కడావర్. పడకుండా కాచేది పారాషూట్.

వ్యాకరణంలో విభక్తికి వాడే ‘కేస్’ కూడా ఈ ఇంటిదే. గ్రీకు వ్యాకర్తలు విభక్తిని ‘ప్టోసిస్’ అన్నారు, అంటే పడటం. ప్రథమా రూపం నిటారుగా నిలబడినదని, మిగతా రూపాలు దాని నుంచి పక్కలకు ఒరిగినవని వాళ్ళ ఊహ. లాటిన్ వాళ్ళు దాన్ని ‘కాసుస్’గా అనువదించుకున్నారు. ఆ గ్రీకు మాటే వైద్యంలో కనురెప్ప వాలిపోవడానికి పేరుగా మిగిలింది.

అన్నిటికన్నా తెలుగువారికి దగ్గరగా అనిపించేది పశ్చిమ దిక్కుకు ఇంగ్లిష్‌లో ఉన్న పాత పేరు, ఆక్సిడెంట్. సూర్యుడు పడే వైపు అని దాని అర్థం. మన ‘పడమర’ కూడా ‘పడు’ నుంచి పుట్టిందే. పొద్దు పడే దిక్కు. ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఒకే ఆకాశాన్ని చూసి ఒకే మాట చెప్పాయి. పాత ఫ్రెంచిలో డికే మూలరూపాన్ని సూర్యాస్తమయానికి కూడా వాడారు.

ఇక్కడ రెండు ఉచ్చులున్నాయి. ‘డెకేడెన్స్’ ఈ కుటుంబంలోదే, ‘డెకేడ్’ కాదు. డెకేడ్ గ్రీకులో పది అనే సంఖ్య నుంచి వచ్చింది. అలాగే ‘డిసైడ్’లోనూ పడటం లేదు. అది నరకడం అనే అర్థమున్న ‘కయ్‌దెరె’ నుంచి వచ్చింది: తెగ్గొట్టి తేల్చడం. చూపుకు ఒకేలా ఉన్న మాటలను ఒక ఇంట్లో చేర్చే ముందు ఇలా మూలం చూసుకోవాలి.

కుళ్ళు తర్వాత చేరిన అర్థం

ఇంగ్లిష్‌లో చేరిన తొలి రోజుల్లో డికే అంటే తగ్గడం, విలువ పడిపోవడం, బలం సన్నగిల్లడం. కుళ్ళడం అనే అర్థం 16వ శతాబ్దం రెండో సగంలో తోడైంది. ఈ వరుస గుర్తుంటే పాత పుస్తకాల్లో ఎదురయ్యే ఎన్నో వాక్యాలు తేలికవుతాయి. ఉదాహరణకు ‘డికేడ్ జెంటిల్‌మన్’ అంటే బుద్ధి కుళ్ళిన మనిషి అని కాదు. ఒకప్పుడు బాగా బతికి ఇప్పుడు ఆస్తి కరిగిపోయినవాడు. తెలుగులో దీనికి తిరుగులేని మాట ఉంది: బతికిచెడ్డవాడు. ఇక్కడ క్షీణించిన పెద్దమనిషి అని రాయడం చేతిలో ఉన్న బంగారాన్ని పారేసుకోవడమే.

బ్రిటిష్ పార్లమెంటు చరిత్రలో ఈ మాటకూ దాని పొరుగు మాటకూ ఉన్న తేడా చక్కగా బయటపడుతుంది. జనం దాదాపుగా ఖాళీ అయిన ఊళ్ళు కూడా పాత హక్కు కొద్దీ సభ్యులను పంపుతూ ఉండేవి. ఓల్డ్ సారం అనే పాడుబడ్డ కోట ప్రాంతం ఇద్దరు సభ్యులను ఎన్నుకునేది. అలాంటి నియోజకవర్గాలను డికేడ్ బరోలు అన్నారు, రాటెన్ బరోలు అని కూడా అన్నారు. మొదటి పేరు ఆ ఊరు పూర్వస్థితి నుంచి పడిపోయిందని చెబుతుంది. రెండోది ఆ వ్యవస్థ కంపు కొడుతోందని తీర్పు చెబుతుంది. 1832 సంస్కరణ చట్టం వాటిలో చాలావాటిని రద్దు చేసింది. జనం నోట నిలిచింది మాత్రం రెండో పేరే.

‘రాట్’ లాటిన్ సంతానం కాదు, పాత ఇంగ్లిష్ ‘రోటియన్’. ‘రాటెన్’ అనే విశేషణ రూపం మాత్రం స్కాండినేవియా భాష నుంచి వచ్చి చేరింది. నార తీయడానికి అవిసె కాడలను నీళ్ళలో నానవేసే పనిని ఇంగ్లిష్‌లో ‘రెటింగ్’ అంటారు. అదీ రాట్‌కు దగ్గరి చుట్టమే. అక్కడ కావాలనే కొంతవరకు కుళ్ళనిస్తారు. కాడలో పోగులను అంటిపెట్టుకున్న జిగురు కరగాలి, పోగు మాత్రం చెడకూడదు. ఒకటి రెండు రోజులు ఎక్కువైతే పోగులే చివికిపోతాయి.

అదే గుంపులో ‘ప్యూట్రిడ్’ (కుళ్ళి కంపు కొట్టేది), ‘పస్’ (చీము) ఉన్నాయి. ఇవి సంస్కృతంలోని ‘పూతి’, ‘పూయం’ అనే మాటలకు తోబుట్టువులు. పూతిగంధం అన్నా ప్యూట్రిడ్ అన్నా ముక్కు మూయించేది ఒక్క ధాతువే. ఇంకొక చుట్టరికం మరీ లోతైనది. ఊపిరితిత్తుల క్షయకు పాత వైద్య గ్రంథాల్లో ‘థైసిస్’ అని గ్రీకు పేరు ఉండేది. హరించుకుపోవడం అనే అర్థమున్న గ్రీకు క్రియ నుంచి అది పుట్టింది. ఆ గ్రీకు క్రియా, సంస్కృతంలో ‘క్షయం’ ఇచ్చిన ‘క్షి’ ధాతువూ ఒకే ప్రాచీన మూలం నుంచి చీలినవి. అంటే థైసిస్‌ను క్షయ అని అనువదించినప్పుడు తెలియకుండానే మాటను పుట్టింటికి చేర్చినట్టయింది.

‘కరప్షన్’ విరగడం నుంచి వచ్చింది. శిథిలమైనదనే అర్థమున్న ‘డిలాపిడేటెడ్’లో రాయి ఉంది, రాళ్ళు చెదిరిపోవడం. ‘రూయిన్’ కూలడం. ఒక్కొక్క మాట వెనక ఒక్కొక్క దృశ్యం ఉంది.

కర్ర, పన్ను

నిజంగా కుళ్ళే చోటు చూద్దాం. కర్రను చివికించేది శిలీంధ్రం. అది ఎంజైములను తన దేహం బయటకు వదిలి, కర్రను అక్కడే కరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. ఒక్క మాటలో చెప్పాలంటే కడుపు బయట జరిగే జీర్ణక్రియ. సంస్కృతంలో పాతబడి శిథిలమైనదాన్నీ, కడుపులో అరిగినదాన్నీ ‘జీర్ణం’ అనే ఒకే మాటతో చెప్పారు. జీవశాస్త్రం దగ్గర నిలబడి చూస్తే ఆ మాట ఎంత కచ్చితంగా కుదిరిందో!

ఈ పనికి తేమ ఉండితీరాలి. కర్రలో తేమ 20 శాతం లోపు ఉంటే శిలీంధ్రం మొదలు కాలేదు. కణాల గోడలు పూర్తిగా నానే 30 శాతం దగ్గర దానికి పండగే. ఈ శాతం లెక్కలో చాలామంది పొరబడతారు. నీటి బరువును ఎండిన కర్ర బరువుతో భాగించాలి, తడి కర్ర బరువుతో కాదు. 500 గ్రాముల ముక్కను 103 డిగ్రీల సెల్సియస్ వేడిలో బరువు ఇక మారని దాకా ఆరబెడితే 400 గ్రాములు తూగిందనుకుందాం. పోయిన నీరు 100 గ్రాములు, తేమ 25 శాతం. తడి బరువుతో భాగిస్తే 20 వస్తుంది, కర్ర హద్దులోనే ఉందనే భ్రమ కలుగుతుంది.

‘డ్రై రాట్’, అంటే పొడి కుళ్ళు, అనే పేరు ఇంకొక భ్రమ. పొడిగా ఉండటం వల్ల వచ్చే తెగులు కాదది. దానికీ తేమ కావాలి. కర్రలోని నార పదార్థమైన సెల్యులోజును తినేసి, దాన్ని గట్టిగా పట్టి ఉంచే లిగ్నిన్‌ను వదిలేస్తుంది గనక చివరికి కర్ర గోధుమరంగుకు తిరిగి, అడ్డం పొడుగు పగుళ్ళతో ఘనాలుగా విడిపోయి, వేళ్ళ మధ్య నలిపితే పొడి అవుతుంది. ఆ పొడిని చూసి పెట్టిన పేరు. దీన్ని కలిగించే శిలీంధ్రం శాస్త్రీయ నామం సెర్పులా లాక్రిమాన్స్. రెండో మాటకు కన్నీరు కార్చేదని అర్థం, పెరిగేటప్పుడు దాని మీద నీటిబొట్లు నిలుస్తాయి మరి. ఈ రకం కుళ్ళులో అసలు ప్రమాదం కంటికి ఆనదు: బరువులో పదో వంతు తగ్గకముందే వంపును తట్టుకునే బలంలో సగానికి పైగా పోవచ్చు. అందుకే చూసి ఊరుకోకుండా మొనదేలిన పనిముట్టుతో గుచ్చి చూడాలి. మంచి కర్ర పొడుగాటి పేళ్ళుగా లేస్తుంది, చివికినది పెళుసుగా తుంచుకుపోతుంది. అదే కర్ర పూర్తిగా నీటి అడుగున ఉంటే శతాబ్దాలు నిలుస్తుంది, ఎందుకంటే శిలీంధ్రానికి నీటితో పాటు గాలి కూడా కావాలి. నీటిమట్టం దిగినప్పుడే అలాంటి పునాది దుంగలకు చేటు.

పన్ను సంగతి వేరు. దాని పైపొర ఎనామెల్‌లో బరువు ప్రకారం 96 శాతం దాకా ఖనిజమే. కుళ్ళడానికి అక్కడ దాదాపు ఏమీ లేదు. నోటిలోని బాక్టీరియా చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. పంటి మీద పీహెచ్ (ఆమ్లం ఎక్కువైన కొద్దీ తగ్గే కొలత) సుమారు 5.5 కంటే దిగితే కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. లాలాజలం ఆమ్లాన్ని విరిచి మామూలు స్థితికి తేవడానికి సుమారు అరగంట నుంచి గంట పడుతుంది, తర్వాత పోయిన ఖనిజంలో కొంత తిరిగి చేరుతుంది. కాబట్టి ఎంత చక్కెర తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నామన్నది ముఖ్యం. ఒకేసారి తింటే ఒకే దాడి. అదే మొత్తాన్ని ఆరుసార్లు చప్పరిస్తే ఆరు దాడులు, మధ్యలో కోలుకునే వ్యవధి ఉండదు. 1000 నుంచి 1500 పీపీఎం (పది లక్షల్లో అన్ని వంతులు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు ఖనిజం తిరిగి చేరడానికి తోడ్పడుతుంది.

ఎనామెల్ మీద తెల్లటి మచ్చగా ఉన్న దశలో జరిగినది ఖనిజ నష్టం మాత్రమే, దాన్ని వెనక్కి తిప్పవచ్చు. లోపలి డెంటిన్‌లో మాత్రం బరువులో అయిదో వంతు దాకా సేంద్రియ పదార్థం ఉంది. నష్టం అక్కడికి చేరాక ఆ పదార్థం నిజంగానే విచ్ఛిన్నమవుతుంది, పన్ను మెత్తబడుతుంది, గుంట పడుతుంది. తెలుగులో పుచ్చు, పిప్పి అనేది ఈ రెండో దశను. మొదటి దశలో ఉన్న పంటిని పుచ్చిపోయిందని అనువదిస్తే చదివే మనిషి ఇక లాభం లేదనుకుంటాడు. అక్కడ ఖనిజం కరుగుతోంది అని రాయడమే సరైన వైద్య సమాచారం.

పరమాణువు ఎక్కడి నుంచి పడుతుంది

1900లో మాంట్రియల్‌లో రూథర్‌ఫర్డ్ థోరియం నుంచి వచ్చే వాయువును పరిశీలిస్తూ, దాని కిరణశక్తి సుమారు నిమిషానికోసారి సగానికి తగ్గుతోందని గమనించాడు. తర్వాత ఫ్రెడెరిక్ సాడీతో కలిసి, ఒక మూలకం ఇంకొకటిగా మారడమే దీనికి కారణమని తేల్చాడు. ఈ తగ్గుదలకు డికే అనే మాట చక్కగా అమరింది: అధిక శక్తి ఉన్న స్థితి నుంచి తక్కువ శక్తి ఉన్న స్థితికి కేంద్రకం పడుతుంది.

నాశనం అనే అర్థం ఇక్కడ అసలు పనికిరాదు. యురేనియం-238 థోరియం-234గా మారుతుంది, అలా 14 మెట్లు దిగి సీసం-206 దగ్గర ఆగుతుంది. పదార్థం దాదాపు అంతా అలాగే ఉంటుంది, రూపం మారుతుంది. పాఠ్యపుస్తకాల్లో వాడే ‘విఘటనం’ చాలావరకు సరిపోతుంది కానీ అన్నిచోట్లా కాదు. ఆసుపత్రుల్లో స్కానింగుకు వాడే టెక్నీషియం-99ఎం గామా కిరణాన్ని వదిలి టెక్నీషియం-99 అవుతుంది. అక్కడ ఏదీ విడిపోలేదు, శక్తి మాత్రం దిగింది. ‘క్షయం’లోనూ ఒక ఇబ్బంది ఉంది: చంద్రుడు తరిగినట్టు ఒక్కో పరమాణువూ కొద్దికొద్దిగా అరుగుతుందనిపిస్తుంది. నిజానికి పరమాణువు ముసలిది కాదు. ఎన్ని కోట్ల ఏళ్ళు నిలిచినదైనా, ఇప్పుడే పుట్టినదైనా, వచ్చే గంటలో అది మారే అవకాశం ఒక్కటే. మారినప్పుడు ఒక్క గంతులో మారుతుంది. నెమ్మదిగా తగ్గేది గుంపు. అందుకని ఒక్క కేంద్రకం గురించి రాసేటప్పుడు విఘటనం, మొత్తం నమూనా కిరణశక్తి గురించి రాసేటప్పుడు క్షీణత అని వేరుచేసుకోవడం మంచిది.

నమూనాలో సగం మారడానికి పట్టే కాలం అర్ధాయువు. దాని లెక్క సులువే కానీ తరచూ తప్పుతుంది. అయోడిన్-131 అర్ధాయువు 8 రోజులు. 16 రోజులకు అంతా అయిపోదు, పావు వంతు మిగులుతుంది. 80 రోజులకు, అంటే పది అర్ధాయువులకు, 1024లో ఒక వంతు. గడిచిన కాలాన్ని అర్ధాయువుతో భాగిస్తే ఎన్నిసార్లు సగం చేయాలో తెలుస్తుంది. ఆ సంఖ్య పూర్ణాంకం కాకపోయినా పద్ధతి ఇదే: టెక్నీషియం-99ఎం అర్ధాయువు 6 గంటలు, 9 గంటలకు ఒకటిన్నర సార్లు, మిగిలేది సుమారు 35 శాతం. ఒకటిన్నర సార్లు అన్నారు కదా అని సగంలో సగాన్ని మళ్ళీ సగం చేసి 50లోంచి తీసేస్తే 37.5 వస్తుంది, అది తప్పు. వేడి చేసినా గడ్డకట్టించినా ఈ వేగం మారదు. కర్ర కుళ్ళుకూ దీనికీ ఉన్న అసలైన తేడా ఇదే: అక్కడ తేమనో గాలినో ఆపితే పని ఆగుతుంది, ఇక్కడ ఆపగలిగేది ఏదీ లేదు.

మోత, కక్ష్య

గదిలో చప్పట్లు కొట్టాక మోత తగ్గడమూ డికేనే. 60 డెసిబెల్స్ తగ్గడానికి, అంటే శబ్దశక్తి పది లక్షల్లో ఒక వంతు కావడానికి పట్టే సమయాన్ని కొలమానంగా తీసుకుంటారు. 200 ఘనమీటర్ల గదిలో ధ్వనిని పీల్చే సామర్థ్యం 40 చదరపు మీటర్లకు సమానమైతే 0.161 అనే స్థిరాంకాన్ని 200తో గుణించి 40తో భాగించాలి: సుమారు 0.8 సెకన్లు. సింథసైజర్ మీద డికే అనే మీట ఉంటుంది, దాన్ని స్వరం పూర్తిగా ఆగిపోయే సమయం అనుకుంటే పొరపాటు. తొలి శిఖరం నుంచి నిలకడ స్థాయికి దిగే సమయం మాత్రమే అది. వేలు తీశాక సున్నాకు దిగే దశకు వేరే మీట ఉంది. ఇక్కడ ‘దిగుడు’ అనే పచ్చి తెలుగు మాట క్షీణత కంటే ఎంతో హాయిగా ఉంటుంది.

ఉపగ్రహం విషయంలో అనువాదకుడు మరింత జాగ్రత్తగా ఉండాలి. పలుచటి గాలి రాపిడికి ఉపగ్రహం శక్తి కోల్పోతుంది, కక్ష్య కిందికి దిగుతుంది, ఉపగ్రహం వేగం మాత్రం పెరుగుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తులో సెకనుకు సుమారు 7.67 కిలోమీటర్లు, 200 దగ్గర సుమారు 7.79. కక్ష్య క్షీణించిందని రాస్తే చదివేవారు ఉపగ్రహం నెమ్మదించిందని అనుకుంటారు. సూర్యుడు చురుగ్గా ఉన్న కాలంలో పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, రాపిడి పెరుగుతుంది. 1979 జులైలో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మొదట అనుకున్నదానికంటే ముందే పడిపోవడానికి అదే కారణం. అక్కడ కక్ష్య దిగిపోవడం అంటే చాలు; లాటిన్ వాళ్ళు ఆ మాటలో పెట్టిన అర్థం కూడా అదే.

వాక్యంలో ఈ మాట ఎదురైతే మూడు గుర్తులు చూడాలి. వెనక ‘ఇన్‌టు’ అనే విభక్తి ఉండి ఇంకొక పదార్థం పేరు వస్తే అది మార్పు. పక్కన సెకన్లో సంవత్సరాలో ఉంటే అది తగ్గుదల. తేమ, బాక్టీరియా, వాసన దగ్గర్లో ఉంటేనే కుళ్ళు. అందులోనూ తెలుగు వస్తువును బట్టి మాట మారుస్తుంది: పండు కుళ్ళుతుంది, గుడ్డు మురుగుతుంది, కర్రా బట్టా చివుకుతాయి, పన్ను పుచ్చుతుంది, ఇల్లు పాడుబడుతుంది, కుటుంబం చితికిపోతుంది. ఇంగ్లిష్ ఒక్క మాటతో సరిపెట్టుకున్న చోట తెలుగు చెడిన వస్తువేదో చూసి మాట్లాడుతుంది. కాబట్టి అనువదించే ముందు వాక్యంలో కర్త ఏదో తేల్చుకోవాలి, క్రియను దాన్ని బట్టి ఎంచుకోవాలి. కర్త నీతి గానీ నాగరికత గానీ అయితే మాత్రం క్షయం దాకా పోనక్కర్లేదు, పతనం అని రాస్తే మూలానికి అంతకంటే దగ్గరి మాట దొరకదు.